డీజే మోతను ఏ స్కేలుతో కొలుస్తున్నారు?

సంపాదకులకు నమస్కారం.

పెళ్లిళ్ల రోజుల్లో మహేంద్రతనయ ఏటికి ఇటు ఒడిశాలోని పర్లాకిమిడిలోనూ, అటు ఆంధ్రప్రదేశ్‌లోని పాతపట్నంలోనూ డీజే పెట్టెల మోత రాత్రి పొద్దుపోయేదాకా ఆగడం లేదు. అభ్యంతరం చెప్పినవారికి 'మీటరు పెట్టి చూశాం, పరిమితిలోనే ఉంది' అన్న సమాధానం వస్తోంది. ఆ సమాధానం నిజమే కావచ్చు. చిక్కంతా కొలిచే పద్ధతిలో ఉంది.

ధ్వని అంటే గాలి ఒత్తిడిలోని హెచ్చుతగ్గులు తరంగంగా సాగడం. 20 డిగ్రీల ఉష్ణోగ్రత వద్ద దాని వేగం సెకనుకు సుమారు 343 మీటర్లు. ఈ వేగాన్ని పౌనఃపున్యంతో, అంటే సెకనుకు కంపనాల సంఖ్యతో (దాని ప్రమాణం హెర్ట్జ్), భాగిస్తే తరంగదైర్ఘ్యం వస్తుంది కనుక, 5,000 హెర్ట్జ్‌ల కీచుధ్వని తరంగం 7 సెంటీమీటర్ల లోపే ఉండగా, 50 హెర్ట్జ్‌ల బేస్ (మంద్రధ్వని) తరంగం దాదాపు 7 మీటర్లు ఉంటుంది. అంత పొడవైన తరంగానికి ఇంటి మూలలు, ప్రహరీలు పెద్ద అడ్డంకి కావు. అది వాటిని చుట్టి వస్తుంది, గాలి కూడా దాన్ని అంతగా పీల్చుకోదు. అందుకే దూరానికి పాటలోని మాటలు అందవు గానీ, దెబ్బ మాత్రం గుండెల్లో తగులుతుంది, పైకప్పు రేకులు అదురుతాయి. దీనికితోడు చలికాలపు రాత్రుల్లో నేలను ఆనుకొన్న గాలి చల్లబడి, పైగాలి వెచ్చగా ఉంటే, వెచ్చని పొరలో ధ్వని వేగంగా సాగడం వల్ల తరంగం కిందికి వంగి, పగలు వినిపించని ఊళ్లకు సైతం చేరుతుంది.

2000 నాటి శబ్ద కాలుష్య నియమాలు నివాస ప్రాంతాలకు పగలు 55, రాత్రి 45 డెసిబెల్స్ పరిమితి విధించాయి. రాత్రి 10 దాటాక బహిరంగ ప్రదేశాల్లో లౌడ్‌స్పీకర్లపై ఉన్న నిషేధం వేరే సంగతి. ఈ పరిమితులు 'ఎ' స్కేలుకు చెందినవి. మెల్లని శబ్దాలకు మన చెవి స్పందించే తీరును బట్టి రూపొందిన ఆ స్కేలు, 50 హెర్ట్జ్‌ల వద్ద సుమారు 30 డెసిబెల్స్ తగ్గించి చూపుతుంది. 10 డెసిబెల్స్ అంటే తీవ్రతలో పది రెట్లు, 30 అంటే వెయ్యి రెట్లు. పడకగదిలో 75 డెసిబెల్స్ బేస్ దడదడలాడుతున్నా మీటరు 45 అనే చెబుతుంది! పసిపిల్లలు, హృద్రోగులు ఉన్న ఇళ్లలో దీన్ని నిబంధనల ప్రకారం సవ్యమనడం అన్యాయం.

బేస్‌ను దాదాపు ఉన్నదున్నట్లు చూపే 'సి' స్కేలు చాలా మీటర్లలో ఉంటుంది. గజపతి, శ్రీకాకుళం జిల్లాల అధికారులు ఫిర్యాదుదారు ఇంట్లోనే రెండు స్కేళ్ల రీడింగులూ తీసి నమోదు చేయాలనీ, ఏటికి ఆవలి మోతపై వచ్చిన ఫిర్యాదును పొరుగు రాష్ట్రానిదని తిప్పి పంపకుండా వెంటనే అవతలి ఠాణాకు తెలియజేయాలనీ కోరుతున్నాను.

– ఒక భౌతికశాస్త్ర ఉపాధ్యాయుడు, పర్లాకిమిడి, గజపతి జిల్లా, ఒడిశా