మా ఫౌండ్రీలో పోత పోయించుకునే వాళ్లందరికీ: ఏ సరుకు వెనక్కి తేవాలి, ఎందుకు తేవాలి

ముందు పని సంగతి. జూలై 21 నుంచి ఆగస్టు 9 వరకు మా దగ్గర తీసుకున్న అల్యూమినియం సరుకు ఏదైనా మీ దగ్గర ఇంకా బిగించకుండా ఉంటే బిగించొద్దు. పంపు బ్రాకెట్లు, మోటారు కవర్లు, రైస్ మిల్లు పుల్లీలు, ట్రాక్టర్ హౌసింగ్‌లు అన్నీ ఇందులోకే వస్తాయి. బిగించి ఉంటే వీలైనంత త్వరగా విప్పించి తెచ్చివ్వండి. బిల్లు లేకపోయినా ఫరవాలేదు, మా పోత మేము గుర్తుపడతాం. కొత్తది పోసిస్తాం, వద్దంటే పైసలు వాపస్. లేత్ కూలి మీరు పెట్టుకుని ఉంటే అదీ మేమే కడతాం.

ములుగు రోడ్డులో ఈ షెడ్డు పెట్టి 17 ఏళ్లయింది. ఇట్లాంటి మాట రాయాల్సి రావడం ఇదే మొదటిసారి. నెల రోజులుగా ఒక మాట నా చెవిన పడుతూనే ఉంది: "బండ్ల కంపెనీ ఆర్డర్ దొరికింది, ఇక మన పని వాళ్లకు కనిపించదు." నర్సంపేట నుంచి ఒక పంపుల మేస్త్రీ మూడుసార్లు వచ్చి ఉత్త చేతులతో వెళ్లారు. ఆయన మాట అనలేదు, నా ముఖం చూసి వెళ్లిపోయారు. అందుకే మొత్తం చెప్తున్నాను.

ఆర్డర్ సంగతి నిజమే. హైదరాబాద్‌లో ఒక మెషినింగ్ యూనిట్ ఉంది. ఎలక్ట్రిక్ ఆటోల మోటార్లు తయారు చేసే వాళ్లకు వీళ్లు ఎండ్ కవర్లు (మోటారు రెండు పక్కల మూతలు) మెషిన్ చేసి ఇస్తారు. ఆ కవర్ల పోత మాకు ఇస్తామన్నారు. కవర్ ఒక్కోటి 1.4 కిలోలు, నెలకు 300తో మొదలు.

ఈ ఆర్డర్ కోసం నేను రెండేళ్లు తిరిగాను. ఎందుకో మీకు తెలియాలి. మన షెడ్డుకు ఇన్నేళ్లు తిండి పెట్టిన దాంట్లో సగం పెట్రోలు, డీజిలు ఇంజిన్ల పనే: సైడ్ కవర్లు, ఇన్‌టేక్ మ్యానిఫోల్డులు, ఆయిల్ పంపు బాడీలు. బ్యాటరీ బండికి ఇవేవీ అక్కర్లేదు. దానికి కావాల్సింది మోటారు బాడీ, దాని రెండు పక్కలా కవర్లు, కంట్రోలర్ వేడిని లాగేసే రెక్కల పెట్టె, బ్యాటరీ కేసు. ఇవన్నీ ఎక్కువగా అల్యూమినియంతోనే చేస్తారు. ఇనుముతో పోలిస్తే బరువు మూడో వంతు, వేడిని త్వరగా వదిలేస్తుంది. బండి బరువు ఎంత తగ్గితే ఒక్క చార్జింగ్‌తో అంత దూరం పోతుంది. హనుమకొండ చౌరస్తాలో నిలబడితే చప్పుడు చేయని ఆటోలు ఎన్ని తిరుగుతున్నాయో మీరే చూస్తున్నారు. ఆ పోత అంతా పుణె నుంచో, చెన్నై వైపు నుంచో రావాల్సిన పని లేదు. హైదరాబాద్‌కు 145 కిలోమీటర్ల దూరంలో ఉన్న మనమూ పోయగలం అన్నది నా నమ్మకం. ఇప్పటికీ అదే నమ్మకం.

శాంపిల్ 10 పీసులు పాసయ్యాయి. జూలై ఆఖరులో 300 పంపాను. వారం తర్వాత ఫోన్: "ఒకసారి వచ్చి చూసుకోండి."

వెళ్లాను. ఎర్ర రంగు ట్రేలో మా కవర్లు కుప్పగా పోసి ఉన్నాయి. రిజెక్ట్ సరుకు వేసే ట్రే అది. ఒకటి చేతికి తీసుకున్నాను. ఫేసింగ్ చేసిన (లేత్ మీద చదును చేసిన) చోట సూది మొనతో పొడిచినట్టు సన్నని రంధ్రాలు. ఇంకోదానికి బోల్టు పట్టే బాస్‌లో (దిమ్మలో) మర కోసే ట్యాప్ దింపుతుంటే పక్కకు చీలిపోయింది. 300లో 131 అట్లా పోయాయి, దాంతో మొత్తం లాట్ వాపస్ చేశారు. అక్కడ ఇన్‌స్పెక్షన్ చేసే కుర్రాడు, నా కొడుకు వయసు ఉంటుంది, పక్కవాడితో "జిల్లాల ఫౌండ్రీలతో ఇంతే" అన్నాడు. నాకు వినిపించింది. జవాబు చెప్పడానికి నోరు రాలేదు, ఎందుకంటే చేతిలో ఉన్న పీసు మాదే.

ఇందులో రెండు తప్పులున్నాయి. రంధ్రాల తప్పు పూర్తిగా మాది. కరిగిన అల్యూమినియం నీటి తేమలోని హైడ్రోజన్‌ను తాగేస్తుంది, గడ్డకట్టేటప్పుడు దాన్ని బయటికి కక్కుతుంది. బయటికి పోలేనిది లోపలే రంధ్రమై నిలుస్తుంది. వానాకాలం, షెడ్డు పక్కన తడిసిన ఇంగాట్లు (కరిగించడానికి తెచ్చే లోహపు దిమ్మలు), మీ పని ఒకపక్క వాళ్ల పని ఒకపక్క. ఇంగాట్లు బట్టీ పక్కన పెట్టి ఆరబెట్టకుండానే మూసలో (లోహం కరిగించే పాత్రలో) వేశాం, డీగ్యాసింగ్‌కు, అంటే కరిగిన లోహంలోంచి ఆ వాయువు తీసేయడానికి, ఇవ్వాల్సిన టైం ఇవ్వలేదు. తొందర నాది, పనివాళ్లను అనేది ఏమీ లేదు.

చీలికల సంగతి వేరు. ఆ లోహం పోసినప్పటి నుంచే మా పెద్ద మౌల్డర్ అంటున్నాడు, "సేట్, ఈ మాల్ పారుతున్న తీరు బాగా లేదు" అని. నేను పట్టించుకోలేదు, ఎందుకంటే ఆ ఇంగాట్ ఇచ్చింది తొమ్మిదేళ్లుగా మాకు సరుకు వేస్తున్న మనిషి. వాళ్లింట్లో పెళ్లికి నేను, మా ఇంట్లో బారసాలకు ఆయన. లాట్‌తో పాటు టెస్ట్ సర్టిఫికెట్ కూడా పెట్టాడు: ఎల్‌ఎం25 (పోతకు వాడే ఒక అల్యూమినియం గ్రేడు), ఇనుము 0.38 శాతం. ఈ గ్రేడులో ఇనుము 0.5 శాతం దాటకూడదు. దాటితే గడ్డకట్టేటప్పుడు సూదుల్లాంటి గట్టి పలుకులు పుడతాయి, పోత పెళుసవుతుంది. పైగా ఒకసారి కలిసిన ఇనుమును కరిగించి తీసేయడం మన బట్టీల్లో కాని పని. మంచి లోహం కలిపి పలచన చేసుకోవాల్సిందే.

ఆయన్ను అనే ముందు నన్ను నేను చూసుకున్నాను. పూత పోయిన ఇనుప గరిటెతో కలిపినా లోహంలోకి ఇనుము దిగుతుంది. మా గరిటెల్లో రెండింటికి పూత లేచిపోయి ఉంది, అది మా నిర్లక్ష్యమే. కానీ గరిటె తగలని సరుకు ఇంకా ఉంది కదా. కట్ట విప్పని ఇంగాట్ ఒకటి కోసి, ఆ ముక్క బాలానగర్‌లో ల్యాబ్‌కు పట్టుకెళ్లి స్పెక్ట్రో (లోహంలో ఏది ఎంతుందో చూపే పరీక్ష) కొట్టించాను. 0.94 శాతం వచ్చింది. ఇంకో ముక్క, 0.97. మూడోది కూడా చేయించాను, నమ్మబుద్ధి కాక. అదీ అంతే.

కాగితాలు పట్టుకుని ఆయన దగ్గరికి వెళ్లాను. చాయ్ తెప్పించాడు. కాగితం చూశాడు. "స్క్రాప్‌లో బోల్టులు, బుష్‌లు సరిగ్గా ఏరలేదేమో, ఏదో ఒక హీట్ కలిసి ఉంటుంది" అన్నాడు. ఒక్కసారి కరిగించిన లోహాన్ని హీట్ అంటాం. మరి ఈ సర్టిఫికెట్ ఏ హీట్‌ది అని అడిగితే, "అందరికీ అదే ఇస్తాం, ఇన్నేళ్లలో మీరు ఎప్పుడూ అడగలేదు కదా" అన్నాడు. ఆ ఒక్క మాట నాకు ఇప్పటికీ అరగడం లేదు. అడగకపోవడం నమ్మకం. దాన్ని ఆయన తన వీలుకు వాడుకున్నాడు. మిగిలిన ఇంగాట్ వాపస్ తీసుకుంటానన్నాడు, పోత, కరెంటు, కూలి నష్టం మాట ఎత్తలేదు. నేనూ మళ్లీ అడగలేదు, అడగను. చాయ్ తాగకుండా లేచి వచ్చాను. ఆ గుమ్మం మళ్లీ తొక్కను. స్క్రాప్ నుంచి చేసిన ఇంగాట్ అంటేనే చెడ్డదని మాత్రం అనుకోకండి. స్క్రాప్‌ను కరిగించడానికి, ఖనిజం నుంచి తీయడానికి పట్టే శక్తిలో ఇంచుమించు 5 శాతం చాలు. ఏరి, పరీక్ష చేసి అమ్మేవాళ్లు మంచి సరుకే ఇస్తారు. ఆయన ఏరలేదు, ఏరినట్టు కాగితం ఇచ్చాడు.

అసలు బాధ ఇక్కడ మొదలైంది. అదే లాట్‌లోంచి మీ పీసులు కూడా పోశాం. పుస్తకం తీసి లెక్కేస్తే 63 మంది, 412 పీసులు. మీలో ఒక్కరు కూడా అప్పటికి ఫోన్ చేయలేదు. పంపు కవర్‌కు మోటారు కవర్ మీద పడేంత అదురు ఉండదు, చాలా పీసులు ఏళ్లకేళ్లు ఏమీ కాకుండా నడవొచ్చు. మా తమ్ముడు అదే అన్నాడు: "అన్నా, అడిగిన వాళ్లకు మార్చి ఇద్దాం. అడగని వాళ్లను పిలిచి మరీ పేరు చెడగొట్టుకోవడం ఎందుకు?" వాడు అన్నదాంట్లో తప్పు లేదు. సీజన్ మధ్యలో మోటారు విప్పించడం అంటే పొలానికి నీళ్లు ఆపడమే. మీకు ఆ కష్టం పెట్టి, మాకు నష్టం తెచ్చుకుని, బహుశా ఎన్నటికీ విరగని పీసులను వెనక్కి తెప్పించడం సరైన పనేనా? నాలుగు రాత్రులు ఇదే. ఒక రాత్రి పిలవాలనిపించేది, తెల్లారేసరికి వద్దనిపించేది. మా ఇంట్లో వాళ్లు బ్యాంకు కిస్తీ తేదీ గుర్తు చేశారు. తప్పేం కాదు, అదీ నిజమే.

ఐదో రోజు పొద్దున షెడ్డులో రెండు పంపు బ్రాకెట్లు దొరికాయి. ఒకటి పోయినేడాదిది, ఎవరో తీసుకెళ్లకుండా మిగిలింది. ఇంకోటి ఈ లాట్‌ది. రెండింటినీ వైస్‌లో బిగించి సుత్తితో కొట్టాను. పాతది మూడు దెబ్బలకు వంగింది, నాలుగో దెబ్బకు చిరిగింది. కొత్తది మొదటి దెబ్బకే టప్పున రెండు ముక్కలై కింద పడింది. విరిగిన చోట చక్కెర పలుకుల్లా మెరుస్తోంది. కవర్‌కు అదురు ఉండదు సరే, బిగించే మనిషి పానా జారి ఒక్క దెబ్బ తగిలితే? మోటారు నడుస్తుండగా పుల్లీ పగిలితే ముక్క ఎవరి మీదికి పోతుంది? ముక్కలు తమ్ముడి ముందు పెట్టాను. వాడే పుస్తకం తీసి ఫోన్లు మొదలుపెట్టాడు. ఇప్పటికి 41 మంది దొరికారు, 260 పీసులు వచ్చాయి. మిగతా వాళ్ల కోసమే ఇది రాస్తున్నాను.

మారిన సంగతులు: ఇంగాట్ ఇప్పుడు వేరే చోట, కొత్త లోహంతో చేసిందే తెస్తున్నాం. ప్రతి లాట్ ముక్క ల్యాబ్‌కు పోయి వచ్చాకే బట్టీలోకి. నైట్రోజన్‌తో డీగ్యాసింగ్ పెట్టాం. ప్రతి పీసు మీద హీట్ నంబరు పంచ్ ఉంటుంది, అది లేకుండా ఏ పీసూ గేటు దాటదు. బండ్ల సప్లయ్‌లో ఇది తప్పనిసరి. బండ్ల భాగాల నాణ్యతకు ఇచ్చే ఐఏటీఎఫ్ 16949 సర్టిఫికెట్ ఉన్న యూనిట్ ఏ పీసు ఏ హీట్‌లోదో చూపించగలగాలి. ఆ నంబరు మొదటి నుంచీ ఉండి ఉంటే మీలో సగం మందికి ఈ ఫోన్ చేసే పనే ఉండేది కాదు. కిలోకు 14 రూపాయలు పెంచాల్సి వస్తోంది. ఆగస్టుకు ముందు చెప్పిన రేట్లకు మాత్రం పాత ధరే.

సోమ, మంగళ, బుధవారాలు మీ పనికే. ఆ మూడు రోజులు కంపెనీ పని బట్టీ దగ్గరికి రాదు. విరిగిన ముక్క పట్టుకొచ్చి "ఇట్లాంటిది ఒక్కటి పోసివ్వు" అంటే ఇసుక మౌల్డులో ఇంతకుముందులాగే పోసిస్తాం.

ఆ ఆర్డర్ వదిలేయమని చాలామంది చెప్పారు. వదలను. వాళ్లు డబ్బు కట్టడానికి 90 రోజుల గడువు అడిగితే చిన్న యూనిట్లకు 45 రోజులు దాటకూడదని చిన్న పరిశ్రమల 2006 చట్టంలోనే ఉందని చూపించి, 45కు ఒప్పించుకున్నాను. నష్టం నేనే పెట్టుకుంటానని, 50 పీసులతో మళ్లీ మొదలుపెడతానని అడిగాను. ఒప్పుకున్నారు. ఆ 50 పోయిన గురువారం వెళ్లాయి, 47 పాసయ్యాయి. మిగతా మూడు నేనే అడిగి వెనక్కి తెప్పించుకున్నాను. అడ్డంగా కోయించి ఆఫీసు టేబుల్ మీద పెట్టాను. రెండింటిలో రైజర్ (పోత గడ్డకట్టేటప్పుడు అదనపు లోహం అందించే భాగం) కింద లోహం కుంచించుకుని పడ్డ గుంట, ఒకదానిలో ఇసుక. ఈ వారం రైజర్ సైజు మారుస్తున్నాం.

వాపస్ పీసులు అన్నీ వచ్చేదాకా ఆదివారాలు కూడా మధ్యాహ్నం రెండు వరకు షెడ్డు తెరిచే ఉంటుంది. దూరం వాళ్లు, పరకాల, భూపాలపల్లి, హుజూరాబాద్ వైపు వాళ్లు, ఒక్క ఫోన్ చేస్తే మా ఆటో ట్రాలీ వచ్చి తీసుకెళ్తుంది. నర్సంపేట మేస్త్రీ గారి ఆరు బ్రాకెట్లు సోమవారమే పోశాం. ఈసారి ఆయన రావద్దు, మేమే ఇంటికి తెచ్చిస్తాం.