పన్నెండు చాలమ్మా

చిట్టితల్లికి నాన్న దీవెనలు.

"బేస్‌బాల్ ప్లేఆఫ్స్‌కి ఇప్పుడున్న పన్నెండు మీద ఇంకో రెండు జట్లు పెరిగితే నష్టమేంటి నాన్నా? మన మెరైనర్స్‌కి దారి తేలికవుతుందిగా" అని ఆదివారం ఫోన్లో అడిగావు. అప్పటికప్పుడు జవాబు తోచలేదు. రెండు రోజులుగా అదే ఆలోచన.

నేను సియాటిల్ వచ్చిన కొత్తలో, 2001లో, మెరైనర్స్ సీజన్లోని 162 ఆటల్లో 116 గెలిచారు. క్రికెట్ తప్ప తెలియని నాకు ఆఫీసులో పక్క సీటాయన ఓపిగ్గా అంతా నేర్పాడు. తీరా ప్లేఆఫ్స్‌లో, 95 గెలిచిన న్యూయార్క్ యాంకీస్ చేతిలో ఐదాటల్లోనే ఓడిపోయారు. ఆ తర్వాత 21 ఏళ్ళు ప్లేఆఫ్స్ మొహం చూడలేదు.

2022 సెప్టెంబర్ 30 గుర్తుందా? తొమ్మిదో ఇన్నింగ్స్, ఇద్దరు అవుట్. మన కాల్ రాలీ కొట్టిన బంతి గోడ దాటి, మనకి ప్లేఆఫ్స్ ఖాయమవగానే నన్ను పట్టుకుని ఏడ్చేశావు. నేనూ ఏడ్చాను. ఆ రాత్రి మనకి దక్కింది ప్లేఆఫ్స్ పెంచబట్టే. 2012కి ముందులా, ఉన్న రెండు లీగుల్లో ఒక్కోదానికి ఒకటే వైల్డ్ కార్డ్ (తమ డివిజన్, అంటే లీగులోని తమ గుంపు, గెలవకపోయినా దక్కే చోటు) అయితే, 92 గెలిచిన టొరంటోకి పోయేది. 90 గెలిచిన మనకి కాదు. అందుకే పెంచడమే తప్పని అనను. 1993లో, వైల్డ్ కార్డే లేని రోజుల్లో, జెయింట్స్ 103 గెలిచి కూడా, అదే డివిజన్లో అట్లాంటా 104 గెలిచిందని ఇంట్లో కూర్చున్నారు. అది అన్యాయమే.

కానీ ఎక్కడో ఒకచోట ఆగాలి. 2023లో ఆరిజోనా 84 గెలిచి, 78 ఓడి, వంద గెలిచిన డాడ్జర్స్‌ని మూడాటల్లో ఇంటికి పంపి వరల్డ్ సిరీస్‌కి, అంటే ఫైనల్‌కి, వెళ్ళింది. ఆ కుర్రాళ్ళని తప్పుపట్టను. 2009లో నాలుగో స్థానంలో ఉన్న మన డెక్కన్ ఛార్జర్స్ కప్పు కొడితే నేను గంతులేసినవాణ్ణే. అయితే ఐపీఎల్ లీగు దశలో వాళ్ళాడింది 14 ఆటలు. ఇక్కడ 162, ఆరు నెలలపాటు దాదాపు రోజూ. 2022లో ఆటగాళ్ళతో ఒప్పందం వేళ జట్ల యజమానులు ప్లేఆఫ్స్‌కి 14 జట్లు కావాలన్నారు, చివరికి 12కి ఒప్పుకున్నారు. అక్టోబర్ ఆటలకి టీవీ డబ్బు ఎక్కువ కాబట్టి మళ్ళీ అడుగుతారు. 30లో 14 అంటే దాదాపు సగం! సగం గెలిచి సగం ఓడినా సరిపోతుందంటే, మంచి ఆటగాణ్ణి కొనమని యజమానిని ఎవరడుగుతారు? ఏప్రిల్ చలిలో దుప్పటి కప్పుకుని మనం చూసిన ఆటలు దేనికి లెక్క?

వరల్డ్ సిరీస్ గడప తొక్కని జట్టు ఇప్పటికీ మనదొక్కటే. 2025లో దానికి ముందు సిరీస్‌లో, టొరంటోలో, ఏడో ఆట ఒక్క పరుగుతో పోయింది. ఆ గడప తొక్కేరోజు, డివిజన్ గెలిచి దర్జాగా తొక్కాలని నా ఆశ తల్లీ.

ఏప్రిల్లో వస్తానన్నావుగా, రెండు టికెట్లు తీసిపెడతాను. దుప్పటి నేను తెస్తాలే.

నాన్న