కౌన్సెలింగ్ ఎంతమందికి అన్నదే కాదు, ఎలా జరిగిందో కూడా చూడాలి

సంపాదకుల వారికి,

డిప్రెషన్‌కు కౌన్సెలింగ్ ఊరి ఆసుపత్రిలోనే దొరకాలని మేమూ కోరుకుంటున్నాం. సైకాలజీ డిగ్రీ లేనివారు కూడా శిక్షణతో ఈ పని చేయగలరని గోవా ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల్లో చేసిన ‘హెల్దీ యాక్టివిటీ ప్రోగ్రామ్’ అధ్యయనం 2017లో చూపింది. అక్కడ శిక్షణ ఇచ్చి వదిలేయలేదు. సెషన్లు రికార్డు చేసి, కౌన్సెలర్లే కలిసి కూర్చుని విని మార్కులు వేసుకున్నారు. మన దగ్గర ఎంతమందికి శిక్షణ ఇచ్చామన్న లెక్కే ఎక్కువగా వినిపిస్తోంది.

ఆ పద్ధతిలో ఆరు నుంచి ఎనిమిది సెషన్లుంటాయి, ఒక్కోటి అరగంటకు పైనే. మనసు బాగుపడేదాకా ఆగకుండా చిన్న పని మొదలుపెడితే దాని వెంట మనసూ కదులుతుందన్నది అందులో ఆయువుపట్టు. ఏ పని చేశారో, అప్పుడు మనసెలా ఉందో రోగి ఇంటిదగ్గర కాగితం మీద రాసుకోవాలి, ఇదే ‘ఇంటిపని’. తర్వాతి సెషన్ ఆ కాగితంతోనే మొదలవ్వాలి. బయట క్యూ పెరగగానే ముందు ఎగిరిపోయేది ఇదే. దాని బదులు ‘ధైర్యంగా ఉండమ్మా, అన్నీ సర్దుకుంటాయి’ అని పంపేస్తారు. రిజిస్టరులో మాత్రం ‘కౌన్సెలింగ్ ఇచ్చాం’ అని ఉంటుంది. ఆమె కోలుకోకపోతే పద్ధతి పనికిరాదంటారు. ఆ పద్ధతి అసలు ఆమెకు అందిందా?

డిప్రెషన్ తీవ్రతను కొలిచే పీహెచ్‌క్యూ-9 ప్రశ్నావళిలో తొమ్మిదో ప్రశ్న చనిపోవాలన్న ఆలోచనల గురించి. అత్తగారు పక్కనే ఉంటే అది అడగలేక సున్నా వేసేస్తారు. అన్నిటికన్నా ప్రమాదం ఇదే. అడిగితే లేని ఆలోచన పుడుతుందన్న భయానికి ఆధారం లేదు. కుటుంబసభ్యుల్ని కాసేపు బయట కూర్చోబెట్టి అడగాలి.

సెషన్లు పద్ధతి ప్రకారం జరుగుతున్నాయో లేదో తనిఖీ చేయడానికి పెద్ద ఖర్చు అక్కర్లేదు. రోగి ఒప్పుకుంటేనే ఫోన్లో రికార్డు చేయాలి, విన్నాక చెరిపేయాలి. ఏది వినాలో కౌన్సెలర్ ఎంచుకోకూడదు, చీటీ తీయాలి, లేదంటే బాగా జరిగినవే బయటికొస్తాయి. ఇంటిపని చూశారా, కొత్త పని రోజు, వేళతో సహా ఖాయం చేశారా, సలహాలివ్వకుండా విన్నారా అన్నవి ఒక్క పేజీలో పట్టేస్తాయి. మార్కులు తగ్గినచోట అదే సన్నివేశాన్ని జోడీగా మళ్లీ నటించి సాధన చేయాలి. శిక్షణలో నేర్చింది కొన్ని నెలలకు సడలిపోతుంది కాబట్టి ఇది ఆగకుండా సాగాలి. ఉదాహరణలు, యాస, నాట్ల రోజుల్లో సెషన్ వేళ ఎంతైనా మార్చుకోవచ్చు. ఇంటిపని తీసేయడం మాత్రం కుదరదు.

ఈ మార్కులు చూసి జీతాలు కోయకూడదు. అలా చేస్తే రికార్డింగులే రావు. జిల్లా మానసిక ఆరోగ్య కార్యక్రమం నెలవారీ నివేదికలో, ఎంతమందికి కౌన్సెలింగ్ ఇచ్చారన్న గడి పక్కనే, ఎన్ని సెషన్లు విన్నారు, ఎన్ని పద్ధతి ప్రకారం జరిగాయన్న గడులు కూడా చేర్చాలని తెలుగు రాష్ట్రాల ఆరోగ్య శాఖలను కోరుతున్నాం.

– క్లినికల్ సైకాలజిస్టులు, హనుమకొండ