నడుముకి కట్టిన డబ్బా సంగతి

ఒరేయ్, ఎలా ఉన్నావ్? ఫోన్‌లో చెప్తే రెండు నిమిషాలకే సరే సరే అని పెట్టేస్తావ్, అందుకే రాస్తున్నా. మొన్న ఒక స్టడీకి వాలంటీర్‌గా వెళ్లా, మామూలు మనుషులు మామూలుగా ఎలా నడుస్తారో చూస్తారట. మామూలుతనానికి నాలో కొదవేముంది అని పేరిచ్చేశా.

మొదటిరోజు ల్యాబ్‌లో కాళ్లకి మెరిసే చిన్న బంతులు అంటించి, చుట్టూ కెమెరాలు పెట్టి, ఇక మామూలుగా నడవండి అన్నారు. ఎలా నడుస్తాంరా! ఏ కాలుతో ఏ చెయ్యి ఊగాలో కూడా మర్చిపోయి ఇంటర్వ్యూకి వెళ్తున్నోడిలా బిగుసుకుపోయా. అందుకే వేరబుల్స్, అంటే కదలికని కొలిచే చిన్న డబ్బాలు, ఒంటికి కట్టి ఇంటికి పంపేది, కాసేపటికి అది ఉందన్న సంగతే మర్చిపోతాం, అప్పుడు మన అసలు నడక బయటపడుద్ది. బ్రిటన్‌లో యూకే బయోబ్యాంక్ అనే పెద్ద ఆరోగ్య పరిశోధన వాళ్లు 2013-15 మధ్య లక్షమందికి పైగా ఇలాగే వారంపాటు మణికట్టుకి కట్టించారు. నాకైతే మణికట్టుకొకటి, వెనక నడుం కింద ఒకటి, 7 రోజులు. సెకనుకి 100 రీడింగులు, అంటే వారానికి 6 కోట్ల పైనే, అదీ ఒక్క దిక్కుకి, అలాంటివి మూడు: ముందూ వెనకా, పక్కలకి, పైకీ కిందకీ.

తర్వాత నా గ్రాఫ్ చూపించారు. నిద్రలో కదలకుండా పడున్నప్పుడు సున్నా ఉంటుందనుకున్నా, కాదు, 1 జీ ఉంది, జీ అంటే భూమి ఆకర్షణ కొలత, అది ఎప్పుడూ ఉంటుంది కదా, అది ఏ దిక్కులో పడిందో చూసి పడుకున్నానో నించున్నానో చెప్పేస్తారు. నడిచేప్పుడు మడమ నేలకి తగిలిన ప్రతిసారీ ఒక ముల్లు లేస్తుంది. కుడి ముల్లు పొడుగు, ఎడమది పొట్టి, వారమంతా అంతే! మెట్ల మీద ఎడమ చీలమండ బెణికింది గుర్తుందా, నువ్వు పకపకా నవ్వావ్, ఆ కాలిని నేనింకా మెల్లగానే ఆనిస్తున్నా, నాకే తెలీదు. రెండు కాళ్లూ అచ్చం ఒకేలా ఎవరికీ పడవులే అన్నారు.

ఇంకోటి, మణికట్టుది మహా అబద్ధాలకోరు. గిన్నెలు తోముతుంటే అడుగులు లెక్కేసింది, ట్రాలీ తోసుకుంటూ నిజంగా నడిస్తే చెయ్యి ఊగట్లేదని సగం మింగేసింది. నడుం దగ్గరది మాత్రం అలా మోసపోలా. నా నడకంతా చూస్తే గట్టిగా ఒక నిమిషం ఏకధాటిగా నడిచింది తక్కువే, లేవడం, నాలుగడుగులు, మళ్లీ తిరగడం, ఇవే. ల్యాబ్‌లో తిన్నగా నడిపిస్తే ఇదంతా ఎక్కడ దొరుకుద్ది చెప్పు.

నువ్వు దేవుడి మాటలా పట్టుకున్న ఆ రోజుకి 10,000 అడుగుల లెక్క ఉందే, అది 1965 ప్రాంతంలో జపాన్‌లో అమ్మిన పెడోమీటర్ (అడుగులు లెక్కపెట్టే పరికరం) పేరురా, పేరుకే అర్థం పదివేల అడుగుల మీటరు అని. అయినా సోఫాలో కూర్చుని చెయ్యి ఊపి పదివేలు చేసేవాడివి, నీకెందుకులే. ఈసారి వచ్చినప్పుడు నీ నడుముకి కట్టిస్తా, చూద్దాం ఎన్నొస్తాయో.