దుకాణం అప్పగించి ఏడాది: వంగిన అట్టల సంగతి, నా సంగతి

మా పుస్తకాల బైండింగు దుకాణం తాళాలను, నా దగ్గర 18 ఏళ్లు పని నేర్చి, పని చేసి, చివరికి కొన్ని విషయాల్లో నన్ను మించిన నా శిష్యురాలి చేతికి ఇచ్చి ఈ వారంతో ఏడాది నిండింది. ఆ రోజు మీలో చాలామంది వచ్చారు. మీ ఎదుట నేను రెండు మాటలు ఇచ్చాను. పనిలో నాణ్యత తగ్గదన్నది మొదటిది. మళ్లీ వచ్చి ఆమె పనిలో చేయి పెట్టనన్నది రెండోది. ఈ ఏడాదిలో ఆ రెండు మాటలూ తప్పాయి. ఎందుకు తప్పాయో వేరేవాళ్ల నోట విని మీరు ఊహించుకోవడం నాకు ఇష్టం లేదు కాబట్టి నేనే రాస్తున్నాను.

దుకాణం వేళలు మారలేదు, పని తీసుకునే పద్ధతీ మారలేదు. వాటి గురించి ఇంతకుమించి చెప్పవలసింది లేదు.

చెప్పవలసింది అట్టల గురించి. అట్టలో పీచు ఒకే దిశలో పరుచుకుని ఉంటుంది. దాన్ని మేము గ్రెయిన్ అంటాం. అట్ట తేమను పీల్చుకున్నప్పుడు గ్రెయిన్‌కు అడ్డంగా ఉబ్బుతుంది తప్ప దాని వెంబడి దాదాపు కదలదు. అందుకే గ్రెయిన్ ఎప్పుడూ పుస్తకపు వెన్నుకు సమాంతరంగా, నిలువుగా ఉండాలి. అప్పుడు ఆ కాస్త ఉబ్బూ వెడల్పు వైపు పోతుంది, మడత దగ్గరి సందు దాన్ని సర్దుకుంటుంది. అడ్డంగా ఉంటే మాత్రం, పైన అంటించిన బట్ట ఒకలా, లోపల అంటించిన కాగితం మరొకలా లాగడం వల్ల అట్ట పై అంచూ కింది అంచూ లేచిపోతాయి. నేను 27 ఏళ్లు ఒకే వ్యాపారి దగ్గర అట్టలు కొన్నాను. ఎప్పుడూ ఒకే కొలత, ఒకే మందం, ఒకే గ్రెయిన్. దుకాణం అప్పగించే వారంలో, ఆమెకు తొలి నెలల్లో సరుకు వెతుక్కునే శ్రమ ఉండకూడదని నా చేతి మీదుగానే పెద్ద మొత్తంలో తెప్పించి పెట్టాను. ఆ వ్యాపారి ఆ మధ్య మిల్లు మార్చారు. కొత్త మిల్లు షీట్లను అడ్డగ్రెయిన్‌తో కోస్తుందన్న సంగతి నాకు చెప్పలేదు.

అట్ట అంచులు రెండు చేతులతో పట్టుకుని ఒకసారి నిలువుగా, ఒకసారి అడ్డంగా మెల్లగా వంచి చూస్తే, ఏ మడతకు తేలిగ్గా లొంగుతుందో గ్రెయిన్ దానికి సమాంతరంగా ఉన్నట్టు. ఈ పరీక్షకు అర నిమిషం చాలు. ఇన్నేళ్లలో దుకాణంలోకి వచ్చిన ప్రతి కట్ట నుంచీ ఒక షీటు తీసి నేను వంచి చూశాను. ఆ చివరి వారం వచ్చిన కట్టలను మాత్రం చూడలేదు. దుకాణం నిండా మనుషులున్నారు, నన్ను పలకరిస్తున్నారు, నా మనసు వేరే చోట ఉంది. తప్పు వ్యాపారిదే, ఆ మాట నేను వెనక్కి తీసుకోను. ఫోన్ చేసి అడిగినప్పుడు, ‘చూసుకోవలసింది మీరు కదా’ అని ఆయన అన్నారు. 27 ఏళ్ల తర్వాత ఆ మాట వినవలసి రావడం నన్ను ఎంత బాధించిందో ఇక్కడ రాయలేను. కానీ వంచి చూడకపోవడం నా తప్పు, అది కూడా వెనక్కి తీసుకోను. ఆ అట్టలతో నాలుగు నెలల్లో 236 పుస్తకాలు బైండింగు అయ్యాయి.

అయిదో నెలలో గాలిలో తేమ పెరిగింది. నాకు చాలా కాలంగా తెలిసిన ఒక ఉపాధ్యాయుడు తన తండ్రిగారి డైరీల సంపుటాన్ని పట్టుకుని దుకాణానికి కాకుండా నేరుగా మా ఇంటికి వచ్చారు. ఏమీ అనకుండా దాన్ని బల్ల మీద పెట్టారు. పుస్తకం బల్లను ఆనుకుని నిలవలేదు. ఒక మూల నొక్కితే ఎదుటి మూల లేచింది. అంచు మీద వేలు పెట్టగానే నాకు సంగతి అర్థమైంది.

అప్పటికి నేను ఎలా ఉన్నానో చెప్పకపోతే ఆ తర్వాత చేసిన పని మీకు అర్థం కాదు. ఉద్యోగం చేసేవారికి విరమణ తేదీని వేరేవారు నిర్ణయిస్తారు. జర్మనీలో 1889లో వృద్ధాప్య పింఛను చట్టం వచ్చినప్పుడు ఆ వయసును 70గా పెట్టి, 1916లో 65కు తగ్గించారు. అప్పటి నుంచి దేశదేశాల్లో ఏదో ఒక అంకె ఉంటూనే ఉంది. సొంత దుకాణం నడిపేవాడికి అలాంటి అంకె లేదు. నా అంకెను నేనే పెట్టుకున్నాను. కత్తి గీతకు వెంట్రుకవాసి పక్కకు పోవడం మొదలైన సంవత్సరం, ఇంకెవరూ గమనించకముందే, 66వ ఏట మానేశాను. నన్ను ఎవరో మాన్పించారని, ఆరోగ్యం దెబ్బతిన్నదని అనుకున్నవారికి ఇదే నా సమాధానం.

మొదటి రెండు నెలలూ హాయిగా గడిచాయి. పొద్దున నడక, పగలు చదువు, ఇంట్లో ఏళ్లుగా పడి ఉన్న చిన్న చిన్న మరమ్మతులు. మూడో నెలలో ఏదో జారిపోయింది. రోజూ అదే వేళకు లేచి, స్నానం చేసి, ఇస్త్రీ చొక్కా వేసుకుని, వెళ్లడానికి చోటు లేక కుర్చీలో కూర్చునేవాణ్ణి. చేయి జేబులో తాళాల కోసం వెతికేది. ఒక పరిచయస్థుడు నన్ను మరొకరికి చూపించి ‘ఈయన ఒకప్పుడు బైండింగు చేసేవారు’ అన్నారు. అందులో తప్పు లేదు. కానీ ఆ ‘ఒకప్పుడు’ అన్న మాట ఆ రాత్రి నన్ను నిద్రపోనివ్వలేదు. ఇంట్లోనూ నెమ్మది లేదు. నా భార్య అలమరాలను దుకాణంలో సామాను సర్దినట్టు సర్దబోయాను. ‘ఇది మీ దుకాణం కాదండీ’ అని ఆమె మెల్లగా అన్నది. ఇన్నేళ్లు నేను లేని పగళ్లలో ఆ ఇంటికి ఆమె ఏర్పరచిన క్రమం ఒకటి ఉందని నాకు అప్పుడు తెలిసింది. ఆమె వేళలేమిటో అడిగి తెలుసుకుని, వాటిలోకి వెళ్లకుండా నా వేళలు పెట్టుకోవడానికి మాకు కొన్ని వారాలు పట్టింది.

ఇది నా ఒక్కడి బలహీనత కాదని తర్వాత చదివి తెలుసుకున్నాను. 1967లో హోమ్స్, రాహే అనే ఇద్దరు మానసిక వైద్యులు మనిషి జీవితంలో ఒత్తిడి కలిగించే 43 ఘటనలకు మార్కులు వేస్తే, పదవీ విరమణ 45 మార్కులతో 10వ స్థానంలో నిలిచింది. ఉద్యోగం నుంచి తొలగించడానికి వేసినవి 47, అంటే రెండే ఎక్కువ. రాబర్ట్ ఆచ్లీ అనే సామాజిక శాస్త్రవేత్త 1970లలో విరమణను దశలుగా వివరిస్తూ, తొలి సంబరం తర్వాత నిరాశ, ఆ తర్వాత మళ్లీ సర్దుకోవడం ఉంటాయని రాశారు. అందరికీ అదే వరుసలో జరగకపోవచ్చు గానీ, నాకు మాత్రం ఆ వరుసలోనే జరిగింది. నిరాశ దశ నడుమ ఆ డైరీల సంపుటం వచ్చి మా బల్ల మీద పడింది.

మరునాడే దుకాణానికి వెళ్లాను. చెడిన పుస్తకాలన్నీ నా చేత్తోనే తిరిగి చేస్తానని ఆమెతో చెప్పాను. ‘మీ ఇష్టం మాస్టారూ’ అన్నది. నా పాత స్టూలు మీద ఆరు వారాలు కూర్చున్నాను. పాత అట్టను మడత దగ్గర కోసి విడదీయాలి, లోపలి కుట్టుకు దెబ్బ తగలకుండా కుట్టిన కాగితాల దిమ్మను బయటికి తీయాలి, కొత్త ఎండ్ పేపర్లు, అంటే దిమ్మను అట్టకు కలిపే మొదటి, చివరి కాగితాలు అంటించాలి, సరైన గ్రెయిన్ అట్టతో కొత్త కవరు కట్టి రాత్రంతా ప్రెస్సులో ఉంచాలి. 71 పుస్తకాలు అలా చేశాను. అన్ని నెలల తర్వాత మళ్లీ కంటినిండా నిద్రపోయాను. పని నాకు మేలు చేసింది, ఆ మాట దాచను.

కానీ దుకాణానికి మేలు చేయలేదు. మీరు వచ్చి ఆమెను దాటి నా బల్ల దగ్గరికి వచ్చేవారు. అందులో మీ అభిమానమే ఉంది, నాకూ అది తీపిగానే అనిపించింది. నాలుగో వారానికల్లా, 18 ఏళ్లు కత్తి పట్టిన మనిషి కోతకు ముందు తలెత్తి నా వైపు చూడటం మొదలుపెట్టింది. ఒక సాయంత్రం ఆమె కొలత గీసి పెట్టుకున్న పుస్తకాన్ని, దాని యజమాని ఆమె బల్ల మీది నుంచి తీసి ‘మీరే చేయండి’ అని నా ముందు పెట్టారు. ఆమె మారు మాట్లాడలేదు. కత్తిని మూసి సొరుగులో పెట్టి, చేతులు తుడుచుకున్నది.

ఆ తర్వాతి రెండు వారాలూ నేను పడిన మథనం దుకాణం అప్పగించేటప్పుడు కూడా పడలేదు. పని మధ్యలో వదిలేస్తే నా తప్పును ఆమె మెడకు చుట్టినట్టవుతుంది. ఉంటే, ఆమెకు ఇచ్చింది దుకాణం కాదు, నా నీడలో ఒక బల్ల మాత్రమే అవుతుంది. ఒక రాత్రి ఉండిపోదామనుకుని పొద్దున మనసు మార్చుకున్నాను. మరుసటి రాత్రి మళ్లీ అదే. చివరికి ఆమెనే అడిగాను. ‘మీరు చేసినంత చక్కగా నేను చేయలేనని మీకు అనుమానమా?’ అని ఆమె తిరిగి అడిగింది. అనుమానం లేదు. లేదని నోటితో చెప్పాక ఆ స్టూలు మీద కూర్చోవడానికి నాకు కారణం మిగల్లేదు. ఆ వారాంతంలో ఇంటికి వచ్చేశాను. అప్పటి నుంచి ఆమె 118 పుస్తకాలు తిరిగి కట్టింది. వాటిలో కొన్ని చూశాను. వంక పెట్టడానికి ఏమీ కనబడలేదు.

ఈ పనికి అయిన సామగ్రి ఖర్చు అంతా నాదే. దుకాణం లెక్కలోంచి ఇస్తానని ఆమె పట్టుబట్టింది, నేను ఒప్పుకోలేదు, ఇకముందూ ఒప్పుకోను. నా పొదుపు మీద దాని భారం పడింది. అమెరికాలో విలియం బెంగెన్ అనే ఆర్థిక సలహాదారు 1994లో, విశ్రాంత జీవితం 30 ఏళ్లనుకుంటే మొదటి ఏడాది పొదుపులో 4 శాతం తీసుకుని, తర్వాత ధరలతో పాటు పెంచుకుంటూ పోవచ్చని అక్కడి పాత మార్కెట్ గణాంకాలతో లెక్కకట్టారు. ఆ అంకె అందరికీ వర్తించదు గానీ, తొలి ఏళ్లలో ఎక్కువ తీసేస్తే తర్వాత కూడగట్టుకోవడం కష్టమన్న హెచ్చరిక మాత్రం నాకు సరిగ్గా తగిలింది. ఈ ఏడాది అనుకున్న ప్రయాణం మానుకున్నాం. నా భార్య ఒక్క మాట కూడా అనలేదు.

ఇప్పుడు వారంలో రెండు పొద్దులు ఇంట్లోనే, దుకాణం నుంచి ఆమె పంపిన పాత పుస్తకాల సెక్షన్లు, అంటే మడిచిన కాగితాల కట్టలు కుడుతున్నాను. ఏవి పంపాలో ఆమె నిర్ణయిస్తుంది. నేను అడగను. నా ఫోన్ నంబరును కూడా దుకాణానికే ఇచ్చేశాను. దానికి ఫోన్ చేస్తే ఆమె మాట్లాడుతుంది. ఆ వ్యాపారి దగ్గర దుకాణం ఇక సరుకు కొనదు. కొత్త కట్ట వచ్చినప్పుడల్లా ఒక షీటు వంచి చూసి, తేదీ రాసి గోడకు తగిలించాలని ఆమె నియమం పెట్టుకున్నది.

ఇంకా 47 పుస్తకాలు మీ ఇళ్లలో ఉన్నాయి. నేను మానేసిన తర్వాతి నాలుగు నెలల్లో బైండింగు చేయించుకున్నవారు మీ పుస్తకాన్ని చదునైన బల్ల మీద పెట్టి, మూలలు ఒక్కొక్కటిగా నొక్కి చూడండి. ఎదుటి మూల లేచినా, పై అంచు వంగినట్టు కనబడినా దుకాణానికి తీసుకురండి. రసీదు అక్కర్లేదు, గడువు లేదు, డబ్బు తీసుకోరు. ఇంట్లో దాని మీద బరువు పెట్టి సరిచేయాలని చూడకండి. బరువు తీసిన కొన్నాళ్లకు అట్ట మళ్లీ వంగుతుంది, ఈలోగా మడత దగ్గర కాగితం చిరుగుతుంది. పుస్తకాన్ని ఆమె చేతికే ఇవ్వండి. నా కోసం అడగవద్దు, నేను అక్కడ ఉండను.