చిన్న వయసు పక్షవాతానికి ఈ పరీక్ష చేయించాలి

సంపాదకులకు నమస్కారం.

నలభై నిండకుండానే పక్షవాతం వస్తే బీపీ, షుగర్, టెన్షన్ అని సరిపెట్టుకుంటున్నాం. అవేవీ లేనివాళ్లకు ఎందుకొచ్చిందని అడిగేవాళ్లు తక్కువ. వాళ్లలో కొందరికి ఉండేది యాంటీఫాస్ఫోలిపిడ్ సిండ్రోమ్, అంటే ఏపీఎస్. మన ఒంట్లోని రక్షణ వ్యవస్థే పొరపాటున తయారుచేసే యాంటీబాడీల వల్ల రక్తం నాళాల్లోనే గడ్డకడుతుంది. ఆ గడ్డ కాలిలో ఉంటే వాపు, ఊపిరితిత్తుల్లో చేరితే ఆయాసం, మెదడు నాళంలో అడ్డుపడితే పక్షవాతం. లండన్ డాక్టర్ గ్రాహమ్ హ్యూస్ 1983లోనే దీని గురించి రాశారు. మన ఇళ్లలో ఇప్పటికీ దీని పేరు తెలియదు.

బెంగళూరు వైట్‌ఫీల్డ్‌లో ఉద్యోగం చేసే మా చెల్లెలు గర్భం నిలవక ఎంతో ఏడ్చింది. దిష్టి అన్నారు, పని ఒత్తిడి అన్నారు. తలనొప్పికి మైగ్రేన్ మాత్రలిచ్చారు. తర్వాత మతిమరుపు మొదలైంది. పాలగిన్నె పొయ్యి మీద పెట్టి స్టవ్ వెలిగించేది కాదు. 'గరిటె' అనే మాట నోటికి రాక చేత్తో కలిపి చూపించేది. నిద్ర చాలడం లేదన్నారొక డాక్టరు. కుడిచెయ్యి పడిపోయాక గానీ ఎవరూ రక్తపరీక్ష రాయలేదు. గర్భస్రావాలు, తలనొప్పి, మతిమరుపు, పక్షవాతం అన్నీ ఈ ఒక్క జబ్బులోనే ఉండొచ్చని ముందే ఎవరైనా కలిపి చూసి ఉంటే ఆ చెయ్యి నిలిచేదేమో.

లూపస్ యాంటీకోయాగ్యులెంట్, యాంటీకార్డియోలిపిన్, యాంటీ బీటా-2 గ్లైకోప్రొటీన్ అనే మూడు పరీక్షలు చేయాలి. ఇన్‌ఫెక్షన్ల వల్ల కూడా కొన్నాళ్లు పాజిటివ్ రావచ్చు కాబట్టి 12 వారాలు ఆగి మళ్లీ చూడాలి. ప్రైవేటు ల్యాబుల్లో ఇవన్నీ రెండుసార్లు చేయించడం కూలివాళ్ల వల్ల అయ్యే పనేనా? అనంతపురం, కర్నూలు నుంచి వచ్చి ఇక్కడి అపార్ట్‌మెంట్లు కడుతున్నవాళ్లకూ ఈ జబ్బు వస్తుంది. కారణం తేలని పక్షవాతం చిన్న వయసులో వస్తే, గర్భాలు పదేపదే పోతుంటే ప్రభుత్వ ఆసుపత్రుల్లో ఈ పరీక్షలు ఉచితంగా చేయాలి.

గడ్డలు కట్టినవాళ్లు, రక్తం మళ్లీ గడ్డకట్టకుండా చూసే వార్ఫరిన్ లాంటి మాత్ర సాధారణంగా ఏళ్ల తరబడి వాడాలి. రక్తం గడ్డకట్టడానికి ఎంతసేపు పడుతోందో చెప్పే ఐఎన్‌ఆర్ అనే పరీక్ష విలువ వార్ఫరిన్ వాడేవాళ్లకు మామూలుగా 2 నుంచి 3 మధ్య ఉండాలి. ఒక వారం రోజూ పాలకూర, తోటకూర తిని, మరో వారం మానేస్తే అది అటూఇటూ అవుతుంది. ఆకుకూర మానక్కర్లేదు, రోజూ ఒకే మోతాదులో తింటే చాలు. గర్భం కోరుకునేవాళ్లు ముందే డాక్టర్ని కలవాలి. వార్ఫరిన్ బిడ్డకు హాని చేస్తుంది. దాని బదులు హెపారిన్ ఇంజెక్షన్లు, తక్కువ మోతాదు ఆస్పిరిన్‌తో చాలామంది తల్లులయ్యారు.

మాటిమాటికీ చేయించుకోవాల్సిన ఐఎన్‌ఆర్ పరీక్షను వార్డుల్లోని ప్రభుత్వ నమ్మ క్లినిక్‌లలో పెట్టాలి.  ఇంత చిన్న పరీక్షకు పూట కూలి వదులుకోమంటే ఎంతమంది వస్తారు? మందు జాగ్రత్తల చీటీ కన్నడతో పాటు తెలుగులోనూ, తమిళంలోనూ ఇవ్వాలని ఆరోగ్యశాఖ అధికారులను వేడుకుంటున్నాను.

— ఒక పాఠకురాలు, మారతహళ్లి, బెంగళూరు