వార్షిక నివేదిక: స్థానిక చరిత్ర సేకరణ

సభ్యులందరికీ నమస్కారం.

ఈ ఏడాది మన సంఘం పని చాలావరకు ఒకే మనిషి చేతుల మీదుగా నడిచింది. ప్రభుత్వ సర్వే శాఖలో పనిచేసి రిటైరైన ఆ పెద్దాయన, నివేదికలో తన పేరు వేయొద్దని ముందే చెప్పారు. ఆ మాట మన్నిస్తున్నాం. చేసిన పని మాత్రం అందరికీ తెలియాలి.

భూములు కొలిచి గీసిన పాత పటాలు ఇంకా చాలా ఇళ్లలో ఉన్నాయి, వాటిని చదవగలిగేవాళ్లే తగ్గిపోయారు. ఎవరు పటం తెచ్చినా ఆయన మొదట అడిగేది ఇదే: "ఏ గొలుసుతో కొలిచారు?" భూమి కొలతకు వాడే గంటర్ గొలుసు పొడవు 66 అడుగులు, అందులో 100 లింకులు, అంటే గొలుసులోని ముక్కలు. ఇంజనీర్ల గొలుసులోనూ 100 లింకులే, కానీ పొడవు 100 అడుగులు. చెరువు గట్టు పక్కన 3.40 గొలుసులని రాసి ఉంటే, మొదటి లెక్కలో ఆ గట్టు 224 అడుగుల పైచిలుకు, రెండో లెక్కలో 340 అడుగులు. ఈ తేడా తెలియకుండా పాత గట్టు ఎక్కడిదాకా ఉండేదో చెప్పబోతే తప్పుడు చరిత్రే రాస్తాం. పటం మీద విస్తీర్ణం కూడా ఉంటే గొలుసును పట్టుకోవచ్చని ఆయన నేర్పారు. గంటర్ గొలుసుతో అయితే 10 చదరపు గొలుసులు సరిగ్గా ఒక ఎకరం. లెక్క కుదిరిందంటే గొలుసు దొరికినట్టే.

పటాలను భద్రపరచడంలోనూ ఆయన పట్టుదలే నిలిచింది. చిరిగిన చోట సెలోటేప్ అంటించొద్దు, దాని జిగురు కాగితంలోకి ఇంకి పసుపు మరకలు వేస్తుంది. లామినేషన్ అసలే వద్దు, తర్వాత విప్పడానికి వీలుండదు. నీలిరంగు బ్లూప్రింట్లను విడిగా పెడుతున్నాం. మిగతా కాగితాలకు మేలు చేసే క్షారగుణమున్న కవర్లే వాటి నీలాన్ని పాడుచేస్తాయి. ఎండ కూడా వాటికి శత్రువే. ఒరిజినల్‌ను ఇంటివాళ్ల దగ్గర నుంచి లాగేసుకోకుండా, స్కాన్ చేసి తిరిగి ఇచ్చేస్తున్నాం. నమ్మకం కుదరడంతో, పటాలు చూపించడానికి జంకిన కుటుంబాలు కూడా తర్వాత వాటంతట అవే తెచ్చి ఇచ్చాయి.

పెద్దవాళ్ల జ్ఞాపకాలు రికార్డు చేయడం కూడా మొదలైంది. మాట్లాడినవారి అనుమతి, పేరు, తేదీ, చోటు లేని రికార్డింగును ఆయన ఒప్పుకోరు. ఫోటో వెనుక మెత్తటి పెన్సిల్‌తోనే వివరాలు రాయమంటారు, ఇంకు ముందువైపుకు దిగుతుందని. ఇదంతా చాదస్తంలా అనిపించిన సభ్యులూ ఉన్నారు. కానీ ఎవరు, ఎక్కడ, ఎప్పుడు అన్నది తెలియని ఫోటోలు మన దగ్గర పెట్టెల నిండా ఉన్నాయి. వాటిని గుర్తుపట్టగలవారు ఒక్కొక్కరుగా తగ్గిపోతున్నారు. నా దృష్టిలో ఈ ఏడాది మనం నేర్చుకున్న అతి విలువైన పద్ధతి ఇదే.

జమాఖర్చులు సర్వసభ్య సమావేశంలో విడిగా పెడతాం.

ఒక్క దిగులు మాత్రం ఉంది. పటం చదివే విద్య ఇప్పటికి ఆయన ఒక్కరి దగ్గరే ఉంది. అందుకే వచ్చే ఏడాది ఆదివారాలు సభ్యులకు నేర్పడానికి ఆయన ఒప్పుకున్నారు. ముందుగా గొలుసు లెక్కలు, ఆ తర్వాత ఫీల్డు పుస్తకం, అంటే సర్వేలో కొలతలు రాసుకునే పుస్తకం, చదవడం. లెక్కలంటే భయం ఉన్నా ఫర్వాలేదు, కూడికలు, గుణకారాలు వస్తే చాలు. చేరదలచినవారు కార్యదర్శికి పేరు ఇవ్వండి. ఇంట్లో పాత పటం ఉంటే మడతలు విప్పకుండా అలాగే తీసుకురండి, మొదటి తరగతిలో దాన్నే విప్పి చదువుదాం.

కార్యదర్శి